సాటి ఉద్యోగిని సాధించేది లౌక్యం తెలియనివారు కాదు

సంపాదకులకు నమస్కారం.

కార్యాలయాల్లో సాటి ఉద్యోగుల మధ్య జరిగే వేధింపుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒకే పరిష్కారం వినిపిస్తోంది. వేధించేవారికి నలుగురిలో మెలగడం చేతకాదని, ఎదుటివారి మనసు గ్రహించే నేర్పు, అంటే మనస్తత్వ శాస్త్రం సామాజిక ప్రజ్ఞ అని పిలిచేది, వారిలో కొరవడిందని, రెండు రోజులు వ్యక్తిత్వ వికాస తరగతులు పెట్టి ఆ నేర్పు అలవరిస్తే గొడవ సద్దుమణుగుతుందని చెబుతుంటారు. నేను ప్రభుత్వ కార్యాలయాల్లో జూనియర్ అసిస్టెంటుగా మొదలై సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. ఇన్నేళ్లలో నేను చూసినదీ, ఈ విషయంపై పరిశోధకులు తేల్చినదీ ఆ అభిప్రాయంతో పొసగడం లేదు. తోటి ఉద్యోగిని నెలల తరబడి, తన మీదికి మాట రాకుండా సాధించగలిగే వ్యక్తికి మనుషులను చదవడం చాలా బాగా వచ్చు. అలాంటివారికి అదే నేర్పును మరికాస్త నేర్పించి పంపితే నష్టపోయేది ఎవరో ఆలోచించాలనే ఈ లేఖ రాస్తున్నాను.

పై అధికారి అరిస్తే ఆ అరుపు వరండా దాకా వినబడుతుంది, మర్నాటికి ఉద్యోగ సంఘం నాయకులు ఆయన గదిలో ఉంటారు. సాటివారి సాధింపు అలా బయటపడదు. నేనెరిగిన ఒక కార్యాలయంలో, తండ్రి సర్వీసులో ఉండగానే కాలం చేయడంతో, కారుణ్య నియామకం కింద ఒక అమ్మాయి చేరింది. ఆ సెక్షన్‌లో అందరికీ కావలసిన మనిషి ఒక సీనియర్ అసిస్టెంటు. ఎవరి జీపీఎఫ్ బిల్లు ఎక్కడ ఆగిందో, ఎవరి మెడికల్ రీయింబర్స్‌మెంట్‌కు ఎవరితో మాట్లాడాలో, ఎవరింట్లో పెళ్లిచూపులు ఎప్పుడో ఆయనకు తెలుసు. పదవీ విరమణ సభ అంటే శాలువా నుంచి భోజనాల దాకా ఆయనే చూసుకుంటారు. ఆ అమ్మాయి చేరిన సీటు తనకు కావలసిన మరొకరికి వస్తుందని ఆయన అనుకున్నారు, రాలేదు. ఆ తరువాత పై కార్యాలయం నుంచి వచ్చే మెమోలు ఆ అమ్మాయి బల్ల మీదికి గడువు తేదీ నాడు సాయంత్రం నాలుగింటికి చేరడం మొదలైంది. సమీక్ష సమావేశంలో ఆమె దగ్గర నివేదిక లేకపోతే ఆయన ముందుగా అందుకుని, ‘కొత్తపిల్ల కదా సార్, నేర్చుకుంటుంది లెండి’ అనేవారు. అధికారికి అది పెద్దరికంగా వినిపించింది. ఆ అమ్మాయికి మాత్రం పని చేతకాని మనిషి అన్న ముద్ర పడిపోయింది. మరోసారి అందరూ ఉండగా ఆయన ఎంతో మెత్తగా, ‘మీ నాన్నగారైతే ఈ ఫైలు అరగంటలో పెట్టేసేవారమ్మా’ అన్నారు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే అటెండరు చేత మంచినీళ్లు తెప్పించి ఇచ్చినదీ ఆయనే.

క్రమంగా మధ్యాహ్నం క్యారియర్లు విప్పేటప్పుడు ఆమెను పిలవడం మానేశారు. ఆమె లేకుండా సెక్షన్‌కు మరో వాట్సాప్ గ్రూపు వచ్చింది, ఎవరు ఎప్పుడు సెలవు పెడుతున్నారో, తనిఖీకి ఎవరు వస్తున్నారో అన్నీ అందులోనే తిరిగేవి. ఇప్పుడు ఆ అమ్మాయి ఫిర్యాదు రాయాలంటే ఏమని రాయాలి? భోజనానికి పిలవలేదని, తండ్రిని తలచుకున్నారని, మంచినీళ్లు ఇచ్చారని రాయాలి. విడివిడిగా చూస్తే ఏ ఒక్కటీ కాగితం మీద నిలబడదు. పొమ్మనలేక పొగబెట్టడం అని మన పెద్దలు అన్నది సరిగ్గా దీన్నే. పొగ ఎక్కడి నుంచి వస్తోందో చూపించలేని మనిషి తనకే ఊపిరి పీల్చడం చేతకాదేమోనని అనుమానపడే స్థితికి వస్తుంది. ఏడాది గడిచాక ఆ అమ్మాయి బదిలీ అడిగి నా సెక్షన్‌కు వచ్చింది కాబట్టి ఈ వివరాలన్నీ నాకు తెలిశాయి. నా దగ్గర ఆమె పెట్టిన ఫైళ్లలో నేను వెనక్కి పంపినవి చాలా తక్కువ.

ఈ తరహా వేధింపును మొదట పట్టించుకుని లెక్కగట్టినవారిలో స్వీడన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త హైంజ్ లైమన్ ఒకరు. కార్యాలయాల్లో మనిషిని ఒంటరిని చేసి వెళ్లగొట్టేందుకు ఉపయోగపడే 45 రకాల చేష్టలను 1980లలో ఆయన గుర్తించారు. మాట మధ్యలో తుంచేయడం, గదిలో మనిషి లేనట్టే ప్రవర్తించడం, అర్థంలేని పనులు అప్పగించడం, వెనక చాడీలు చెప్పడం వంటివన్నీ అందులో ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి కనీసం వారానికి ఒకసారి చొప్పున ఆరు నెలల పాటు సాగితే దానిని వేధింపుగా పరిగణించాలని ఆయన కొలత పెట్టారు. ఆయన చూపు చేష్ట తీవ్రత మీద కన్నా అది తిరిగి తిరిగి జరగడం మీద ఉన్నదన్నది మన విచారణాధికారులు గమనించవలసిన సంగతి. మన విచారణలు ఎప్పుడూ ఒక తేదీని, ఒక సంఘటనను, ఒక సాక్షిని అడుగుతాయి.

ఫిన్లండ్‌కు చెందిన కాయ్ బ్యోర్క్‌విస్ట్, ఆయన సహచరులు విశ్వవిద్యాలయ ఉద్యోగులపై 1994లో ప్రచురించిన అధ్యయనం మన కార్యాలయాలకు ఇంకా దగ్గరగా ఉంటుంది. చదువుకున్న పెద్దవాళ్లు దాడికి దిగే ముందు, దాని వల్ల ఎదుటివారికి ఎంత దెబ్బ తగులుతుంది, తమకు ఎంత ప్రమాదం వస్తుంది అని లోలోపల తూకం వేసుకుంటారని, అందుకే దొరికిపోని దారులను ఎంచుకుంటారని వారు వివరించారు. అందులో రెండు దారులు కనిపించాయి. ఒకటి మధ్యవర్తుల ద్వారా, పుకార్ల ద్వారా మనిషిని సంఘంలో తక్కువ చేయడం. రెండవది హేతుబద్ధమైన విమర్శ వేషంలో దెబ్బ కొట్టడం. ఈ రెండవదాని ముందు మన అధికారులు సాధారణంగా నిస్సహాయులవుతారు. నోట్ ఫైలు మీద రాసిన కొర్రీ పని కోసం రాసినదా, మనిషి కోసం రాసినదా అన్నది ఒక కాగితం చూస్తే తెలియదు. అదే చేతి కొర్రీలు మిగతా ముగ్గురి ఫైళ్ల మీద ఎన్ని ఉన్నాయో పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇక సామాజిక ప్రజ్ఞ సంగతి. 1920లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఈ భావనను ముందుకు తెచ్చి, మనుషులను అర్థం చేసుకుని, వారిని నడిపించుకుంటూ, మానవ సంబంధాల్లో వివేకంతో మెలగగలిగే శక్తిగా దానిని నిర్వచించారు. రానురాను మనం దానిని మంచితనానికి మరో పేరుగా వాడుకుంటున్నాం. 1999లో ఫిన్లండ్ పరిశోధకులు 10, 12, 14 ఏళ్ల పిల్లలను పరిశీలించినప్పుడు, చాటుగా, పరోక్షంగా తోటివారిని బాధపెట్టే పిల్లల్లో సామాజిక ప్రజ్ఞ ఎక్కువగా కనిపించింది. సహానుభూతి, అంటే ఎదుటివారి బాధ తన మనసుకు తగలడం, ఎక్కువ ఉన్నవారిలో మాత్రం దౌర్జన్యం దాదాపు అన్ని రూపాల్లోనూ తక్కువగా ఉంది. అదే సంవత్సరం ఇంగ్లండ్‌లో 7 నుంచి 10 ఏళ్ల పిల్లలపై జరిగిన అధ్యయనంలో, ముఠా నాయకత్వం వహించి ఏడిపించే పిల్లలు ఇతరుల ఆలోచనలను, భావాలను పసిగట్టడంలో తమ అనుచరుల కన్నా, తమ చేతిలో ఏడ్చిన పిల్లల కన్నా ముందున్నారు. ఇవి బడిపిల్లల మీద జరిగిన అధ్యయనాలే, పెద్దల విషయంలో యథాతథంగా అన్వయించడం తొందరపాటే. అయినా పైన చెప్పిన సీనియర్ అసిస్టెంటు గారిని తలచుకుంటే, చనిపోయిన తండ్రి ప్రస్తావన ఏ స్వరంలో, ఎవరి ముందు, ఎప్పుడు తెస్తే గాయం లోతుగా దిగుతుందో తెలుసుకోవడానికి ఎంత సూక్ష్మదృష్టి కావాలో ఎవరైనా ఊహించుకోగలరు.

ఇంతమాత్రాన ఆ ప్రజ్ఞ చెడ్డదని నేను అనడం లేదు. తగవులు తీర్చేవారికీ అదే కావాలని ఆ ఫిన్లండ్ పరిశోధకులే రాశారు. అదే కార్యాలయంలో ఒక రికార్డు అసిస్టెంటు ఉండేది. పెద్ద చదువు లేదు, ఎవరినీ ఎదిరించి మాట్లాడే స్థానం అంతకన్నా లేదు. ఒక సమీక్షలో ఆ అమ్మాయి నివేదిక మళ్లీ అందలేదన్న మాట రాగానే, ఫైళ్ల కట్ట అందించడానికి లోపలికి వచ్చిన ఈమె, ‘మెమో పొద్దున పదింటికే వచ్చిందండి, ఇన్‌వర్డ్ రిజిస్టరులో నేనే ఎక్కించాను’ అని మాత్రం అని బయటికి వెళ్లిపోయింది. ఎవరి మీదా నింద వేయలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు. ఆ ఒక్క వాక్యం తరువాత కొన్ని వారాల పాటు మెమోలు వేళకు చేరాయి. గదిలో గాలి ఎటు వీస్తోందో సీనియర్ అసిస్టెంటుకు ఎంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. ఆ అమ్మాయి బాధ ఆమె మనసుకు తగిలింది, తేడా అక్కడ ఉంది.

మిగతావారు ఏం చేశారని పాఠకులు అడగవచ్చు. నలుగురితో నారాయణ అన్నారు. 1996లో ఫిన్లండ్ పరిశోధకురాలు క్రిస్టీనా సాల్మివల్లి, ఆమె సహచరులు బడిలో వేధింపులను గమనించి, వేధించేవారు, పడేవారు కాక వారి చుట్టూ సహాయకులు, నవ్వి ఎగదోసేవారు, పట్టనట్టు ఉండేవారు, అడ్డుపడేవారు ఉంటారని వర్గీకరించారు. మన సెక్షన్లలో మూడో రకం ఎక్కువ. వారు దుర్మార్గులు కారు. వారి బిల్లులు కూడా ఆ సీనియర్ అసిస్టెంటు చేతి మీదుగానే కదలాలి. అందుకే చూస్తూ ఊరుకున్నవారికి నీతి బోధించడం కన్నా, ఒక్క మనిషి దయాదాక్షిణ్యాల మీద పది మంది పనులు ఆధారపడే పరిస్థితిని తొలగించడం ముఖ్యమని నా అభిప్రాయం. సీట్లు కాలానుగుణంగా మార్చడం, మెమోలు ఈ-ఆఫీసు ద్వారా నేరుగా సంబంధిత ఉద్యోగికి చేరేలా చూడడం వంటి పొడిపొడి ఏర్పాట్లు ఇక్కడ ఉపన్యాసాల కన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

ఇది పాత తరం కార్యాలయాల జబ్బు మాత్రమే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షకు పైగా యువతీయువకులు ఒక్కసారిగా తొలి ఉద్యోగంలో చేరారు. వేర్వేరు శాఖలకు జవాబుదారులైన పది మంది ఒకే గదిలో కూర్చునే చోట, ఎవరి మీద ఎవరికి అధికారం ఉందో స్పష్టంగా లేని చోట, ముఠాలు కట్టడం సులువు. హైదరాబాదు ఐటీ సంస్థల్లో పనిచేసే మా బంధువుల పిల్లలు మరో రూపం చెబుతారు. ప్రాజెక్టులోకి కొత్తగా వచ్చినవారికి పూర్తి కేటీ (అంటే పని వివరాల అప్పగింత) ఇవ్వకుండా సగం చెప్పి వదిలేయడం, చిన్న పొరపాటుకు మేనేజర్లందరినీ సీసీలో పెట్టి ఎంతో మర్యాదైన భాషలో ఈమెయిలు పంపడం అక్కడ నడుస్తాయి. సాటివారితో పోల్చి రేటింగులు ఇచ్చే పద్ధతి ఉన్నచోట పక్కవాడి తడబాటు తనకు లాభంగా మారుతుంది కాబట్టి, ఆ పద్ధతిని అలాగే ఉంచి జట్టు స్ఫూర్తి మీద ఆటలు ఆడించడం వల్ల ఒరిగేది ఉండదు.

కులం సంగతి దాటవేయడం నాకు ఇష్టం లేదు. నలుగురి ఎదుట దళితుడినో గిరిజనుడినో కులం పేరుతో దూషిస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉందని లౌక్యం తెలిసిన ప్రతి ఉద్యోగికీ తెలుసు. అందుకే ఆ మాట నోట రాదు. ‘మీ ఇంటిపేరేమిటండీ’ అని, ‘మీకు గ్రూప్ పరీక్షలో ర్యాంకు ఎంత వచ్చింది’ అని, ‘మీ ఊళ్లో మీ ఇల్లు ఏ వైపు’ అని అడుగుతారు. అడిగిన తీరులో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, గదిలో ఉన్న అందరికీ అర్థమూ అయిపోతుంది. ప్రమాదం లేకుండా దెబ్బ కొట్టడమని బ్యోర్క్‌విస్ట్ బృందం చెప్పినదానికి మన నేల మీద ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

మానసిక వేధింపు అరుదైనదీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ మరి రెండు సంస్థలతో కలిసి 121 దేశాల్లో జరిపించి 2022లో వెలువరించిన సర్వేలో, పనిచేసేవారిలో 17.9 శాతం మంది తమ ఉద్యోగ జీవితంలో మానసిక హింసనో వేధింపునో ఎదుర్కొన్నామని చెప్పారు. ఏదో ఒక రకమైన వేధింపునకు గురైనవారిలో ఆ సంగతి మరొకరితో పంచుకున్నవారు సగానికి కాస్త ఎక్కువ, అంతే.

మన చట్టాల్లో ఉన్న ఒక వింత పరిస్థితిని తమ పత్రిక ద్వారా ప్రభుత్వాల దృష్టికి తేదలచాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. విద్యార్థిని ఆటపట్టించి అవమానించినా ఆరు నెలల దాకా శిక్ష వేయవచ్చని అందులో ఉంది. అవమానం, భయం కలిగించడాన్ని కూడా ర్యాగింగ్ నిర్వచనంలో చేర్చారు. ఫిర్యాదు అందినా పట్టించుకోని విద్యాసంస్థ అధిపతి ఆ నేరానికి తోడ్పడినట్టే లెక్క అని రాశారు. అంటే, ఇరవై ఏళ్ల విద్యార్థికి కళాశాల గేటు లోపల ఇంత రక్షణ ఉంది. పట్టా పుచ్చుకుని రెండేళ్ల తరువాత అదే మనిషి ఉద్యోగంలో చేరితే, అదే అవమానానికి ఫిర్యాదు ఎవరికివ్వాలో చెప్పే కాగితం లేదు. 2013 నాటి చట్టం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలన్నది, కానీ అది మహిళలపై లైంగిక వేధింపులకు పరిమితం. 2019లో జెనీవాలో ఆమోదం పొంది 2021 జూన్ 25 నుంచి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 190వ ఒడంబడిక పని ప్రదేశంలో అన్ని రకాల హింసను, వేధింపును పరిధిలోకి తీసుకుంది. మన దేశం దానిని ఇంకా ఆమోదించలేదు.

స్వీడన్ 1993లోనే పనిచోట వేధింపుల నివారణను యజమాని బాధ్యతగా నియమం చేసింది. జపాన్ 2019లో చట్టాన్ని సవరించి, 2020 జూన్ నుంచి పెద్ద సంస్థలకు నివారణ చర్యలను విధిగా చేసింది. మనిషిని తోటివారి నుంచి వేరు చేయడం, స్థాయికి తగని పనులు ఇచ్చి చిన్నబుచ్చడం కూడా అక్కడి మార్గదర్శకాల్లో వేధింపు రూపాలుగా ఉన్నాయి. అధికారి కాకపోయినా, తన సహకారం లేనిదే ఎదుటివారి పని సాగని సహోద్యోగి కూడా పైచేయి ఉన్నవాడి కిందికే వస్తాడని అక్కడ గుర్తించారు. అది చదివినప్పుడు నాకు మన సెక్షన్లే కళ్లకు కట్టాయి.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. పని గురించి గట్టిగా అడిగితే అదీ వేధింపే అంటారా, ఇక కార్యాలయాలు నడిచినట్టే అని అధికారులు అంటారు. తప్పు చూపడం వేరు, సరిదిద్దుకునే అవకాశం లేకుండా చేసి చూపడం వేరు. గడువు తేదీకి వారం ముందు అడిగినవారికీ, ఆ రోజు సాయంత్రం దాకా కాగితం తొక్కిపెట్టినవారికీ మధ్య తేడా కనిపెట్టడానికి తేదీలు చాలు. ఈ కాలం పిల్లలకు సున్నితత్వం ఎక్కువని మా తరంవారు అంటారు. మా తరంలో ఎంతమంది సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారో, ఎంతమంది ముందుగానే స్వచ్ఛంద విరమణ తీసుకున్నారో, వారి కుటుంబ సభ్యులను అడిగితే ఆ మాట అనరు.

రెండు తెలుగు రాష్ట్రాల సాధారణ పరిపాలన శాఖలకు నా మనవి ఇది. చట్టం వచ్చేదాకా ఆగకుండా, సాటి ఉద్యోగుల మానసిక వేధింపును దుష్ప్రవర్తనగా పేరుపెట్టి ఒక ఉత్తర్వు ఇవ్వండి. ఉన్న అంతర్గత కమిటీలకు తోడుగా, బయటి సభ్యుడు తప్పనిసరిగా ఉండేలా, స్త్రీపురుషులిద్దరి ఫిర్యాదులూ స్వీకరించే ఏర్పాటు చేయండి. ఒక సంఘటనకు సాక్ష్యం అడిగే బదులు ఆరు నెలల తేదీలను వరుసగా చూడమని విచారణాధికారులకు చెప్పండి. సాధింపులకు గురవుతున్న సోదర సోదరీమణులు కూడా ఏ రోజు ఏం జరిగిందో, ఎవరు ఎదురుగా ఉన్నారో ఒక పుస్తకంలో అదే సాయంత్రం రాసిపెట్టుకోవాలి. మనసు మరీ కుంగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేయడానికి సంకోచించకూడదు. శిక్షణ తరగతులు వద్దనను. కానీ వాటిలో ఎదుటివారిని ఒప్పించే మెళకువలకు ఇచ్చే సమయంలో కొంత, కొత్తగా చేరినవారి ఎదుట కూర్చుని వారి మాట పూర్తిగా వినడానికి ఇవ్వండి.

అన్నిటికన్నా ముందు ఒక అలవాటు మానాలి. ఫిర్యాదు వస్తే ఫిర్యాదు చేసినవారినే బదిలీ చేసి ‘సమస్య పరిష్కరించాం’ అని రాసుకోవడం మన కార్యాలయాల్లో పరిపాటి. ఆ అమ్మాయి వెళ్లిపోయాక ఆ సీటులోకి మరో కొత్త ఉద్యోగి వచ్చాడు. సీనియర్ అసిస్టెంటు గారు అక్కడే ఉన్నారు. విచారణ ముగిసేదాకా, పడినవారు తాముగా కోరితే తప్ప, వారి స్థానం కదపరాదని ఆ ఉత్తర్వులో మొదటి అంశంగా చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సూపరింటెండెంటు,
కాకినాడ.